చప్పుడు తీసే మేస్త్రి

“అక్కా, మీ నీళ్ల మేస్త్రి పోయారంట. నిన్న సాయంత్రం.”

ఫోన్లో కంప్యూటర్ షాపతను. ఉదయం తొమ్మిది దాటింది. నేను అప్పుడు ఎవరిదో పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ ఆవలింతని కత్తిరిస్తున్నాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. పదిహేనేళ్లుగా ఊరందరి ఆవలింతలూ, అలకలూ, ఎవరూ చూడటం లేదనుకుని రెండో లడ్డూ వేయించుకోవడాలూ కత్తిరిస్తూ బతుకుతున్నాను. అందుకేనేమో, మనిషి పేరు కంటే ముందు అతని చేతులు ఏం చేస్తుంటాయో గుర్తుంటుంది నాకు. మేస్త్రికీ ఒక పేరుంది, నాకు తెలుసు కూడా. కానీ ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. ఇక్కడ రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టుంటుంది.

ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. ఏడుస్తుండగానే నవ్వూ వచ్చింది, ఎందుకంటే ఆయన్ని తలచుకోగానే ముందుగా గుర్తొచ్చింది ఆ స్క్రూడ్రైవరు. మూరెడు పొడవుంటుంది. దాని మొనని నడిచే ఇంజిను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి అదిమిపెట్టి, కళ్లు మూసుకుని వింటాడు. లోపల ఏ భాగం సరిగ్గా తిరుగుతోందో, ఏది మొరాయిస్తోందో అలా కనిపెడతాడు. బోటు ఇంజిన్లు చేసే మేస్త్రీలందరికీ తెలిసిన పనే అది. కంప్యూటరుకి స్క్రూడ్రైవరు ఆనించి విన్నవాడు మాత్రం నేనెరిగినంతలో ఈయనొక్కడే.

లోపలి గదిలో మా ఆయన నిద్రపోతున్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పడుకుని గంటయింది. లేపి చెప్పాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఆలోచించాను. ఆ నిద్ర ఎలా వచ్చిందో చెప్తే మేస్త్రి గురించి సగం చెప్పినట్టే.

మేముండేది కంచరపాలెంలో, రైలు పట్టాల వెనక వీధిలో. రెండు గదులు. ముందు గదిలో నేనూ నా కంప్యూటరూ, వెనక గదిలో మా ఆయన మంచమూ. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను ఆపరేటరు. రాత్రి డ్యూటీ వారమొస్తే పొద్దున్నే ఇంటికొచ్చి, టిఫిను తిని, ఎనిమిదింటికల్లా పడుకోవాలి. సరిగ్గా అప్పుడే నా పని మొదలవుతుంది. పెళ్లంతా కత్తిరించి అతికించాక, దాన్ని ఒక్క ఫైలుగా కంప్యూటరు వండాలి. నాలుగైదు గంటల వంట. ఆ వంటకి డబ్బా వేడెక్కుతుంది. వేడెక్కితే లోపలి ఫ్యాన్లు గొంతు పెంచుతాయి, కాస్త చల్లబడితే తగ్గిస్తాయి, మళ్లీ పెంచుతాయి. ఇంటి వెనకనుంచి గూడ్సు బండి పోతే పక్కకి తిరిగి పడుకునే మనిషి, ఈ ఫ్యాన్లకి మాత్రం లేచి కూర్చునేవాడు.

“నీ కంప్యూటరు ఊపిరి పీల్సి ఆపేత్తందే. మల్లీ ఎప్పుడొదుల్తాదో అని నాను కాసుక్కూకుంతన్నాను” అనేవాడు.

నవ్వుకునేవాళ్లం. తర్వాత ఒకరోజు నవ్వు ఆగిపోయింది. జ్యేష్ఠమాసం పెళ్లిళ్ల ముమ్మరంలో, ఒక పొద్దున్న ఇంటికొచ్చి టిఫిను ముట్టకుండా కూర్చున్నాడు. “క్రేను మీద ఒక్క రెప్పపాటు కన్నంటుకుపోనాది. ఏటీ అవనేదు. కానీ కింద మనుసులున్నారు” అన్నాడు.

గోడ మీది కేలండరు దించి చూశాను. ఆషాఢంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు. ఆ నెల రోజుల్లో డబ్బా చప్పుడు పోవాలి. పోకపోతే శ్రావణం పెళ్లిళ్లు మొదలవకముందే దాన్ని అమ్మేసి, ఈ పని మానేద్దామని నిర్ణయించుకున్నాను. చెప్పడం తేలికే. కానీ నా చేతులతో నేను సంపాదించుకున్న పేరంతా ఆ డబ్బాలోనే ఉంది. మానేస్తానని మా ఆయనతో అన్నరోజు వంటింట్లోకి వెళ్లి బాగా ఏడ్చాను.

షాపతనే దారి చెప్పాడు. “నీళ్లతో చల్లబరిచే సెట్టు పెడదాం అక్కా. చిన్న పంపు సన్నటి ట్యూబుల్లో నీళ్లు తిప్పుతుంది. ఆ నీళ్లు వేడిని మోసుకెళ్లి రేడియేటర్లో వదిలేస్తాయి. కారుకి ఉన్నట్టే. అప్పుడు ఫ్యాన్లు పెద్దవి పెట్టి నెమ్మదిగా తిప్పుకోవచ్చు. కానీ నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలో అంటే నాకు చేతులొణుకుతాయి. ఒకాయనున్నాడు. ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజిన్లు చేసిన మనిషి. ఇంతకుముందు ఏడు కంప్యూటర్లకి ఈ సెట్టు కట్టాడు.”

ఆ మనిషి మర్నాడు పదిన్నరకి వచ్చాడు. మోకాళ్లపైకి ఎత్తికట్టిన లుంగీ, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా. అందులో పనిముట్లు. గుమ్మం బయట డ్యూటీ బూట్లు చూసి ఆగాడు.

“ఎవులు తొంగున్నారు?” అన్నాడు, నడిసముద్రంలో అవతలి బోటువాడిని పలకరించినంత గట్టిగా.

“మా ఆయన. నైట్ డ్యూటీ. కొంచెం మెల్లగా మాట్లాడండి మేస్త్రి గారూ” అన్నాను గుసగుసగా.

“అలగే!” అన్నాడు, వీధి చివరికి వినపడేటట్టు.

చప్పుడు తీయడానికి వచ్చిన మనిషే అప్పటిదాకా మా ఇంట్లో అడుగుపెట్టిన అన్నిటికంటే పెద్ద చప్పుడు. విచిత్రమేమిటంటే మా ఆయన కదల్లేదు. మేస్త్రి గొంతు కూడా గూడ్సు బళ్ల లెక్కలో చేరిపోయింది.

నేను కంప్యూటరు గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “నాకు కంప్యూటరు రాదు తల్లీ. నీల్లొచ్చు. ఏడెక్కడ పుడతందో సూపించు సాలు.”

చూపించాను. వేడి పుట్టే ప్రాసెసరుని చూసి ‘సిలిండరు’ అని పేరు పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డు కూడా వేడెక్కుతుందని చెప్తే, “అయితే డబుల్ సిలిండరు ఇంజినా! మరి ముందే సెప్పవేటి!” అని గౌరవంగా లుంగీ దించుకున్నాడు. ఆ క్షణం నుంచీ మా కంప్యూటరు ఆయనకి ఇంజినే.

షాపతను ముచ్చటపడి ఎర్రరంగు నీళ్ల సీసా, రంగులు మారే దీపాలున్న ఫ్యాన్లు పంపాడు. మేస్త్రి ఆ సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. “ఇదేటి, సోడాలో కలుపుకునీదా? ఇంజినుకి సోకులెందుకు తల్లీ” అని పక్కన పెట్టేశాడు. ఫ్యాన్ల దీపాల వైర్లు పీకి నా చేతిలో పెట్టి, “దసరాకి దేవుడి గూట్లో ఎలిగించుకో” అన్నాడు. ఆయన పోసేది బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు. అది కూడా సీసా మూత తీయగానే ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకునేవాడు. “రుసి నేదు. మంచిది. రుసున్న నీల్లు ఇనుముని తినేత్తాయి.”

ఉప్పంటే ఆయనకి అంత పగ. పని మొదలుపెట్టే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. నుదుటికి తువ్వాలు బిగించి కట్టుకునేవాడు. ఎందుకని అడిగితే, “సెమట సుక్క లోపల పడ్డాదంటే సముద్రం పడ్డట్టే. మాం ఉప్పులో పుట్టినోలం. అదేటి సేత్తాదో మాకెరుక” అన్నాడు. నేను టీ కప్పు పట్టుకుని డబ్బా దగ్గరకి వస్తే కప్పు కంటే ముందు నన్ను బయటికి నడిపించేవాడు.

ట్యూబులు బిగించాక ఒక పగలంతా పరీక్ష. కంప్యూటరుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పాలి. ప్రతి బిగింపు కిందా ఒక కాగితం ముక్క పెట్టి, దాని మీద సిరా పెన్నుతో ఒక చుక్క పెట్టాడు. నీటిబొట్టు పడిందంటే సిరా పాకుతుంది, ఏ బిగింపు కారుతోందో దొరికిపోతుంది. ఆ ఏర్పాటు చేసి, పీట వేసుకుని చుక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. గాలం వేసినవాడి ఓపిక ఆయనది. నాకు ఆ ఓపిక లేదు. గంటకోసారి వచ్చి, “అయిందా మేస్త్రి గారూ?” అనేదాన్ని. ముఖం చిట్లించేవాడు.

“ఆ మాటనకు తల్లీ. నీల్లింతాయి.” నీళ్లు వింటే పని చెడుతుందని ఆయన భయం.

ఇంకో ముచ్చట చెప్పాలి. ట్యూబుల్లో గాలిబుడగ మిగిలితే పంపు గరగరమంటుంది. దాన్ని బయటికి పంపడానికి ఆ బరువైన టవర్ డబ్బాని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఎడమకి వంచి, కుడికి వంచి, కాస్త ముందుకీ వెనక్కీ ఊపేవాడు. కాళ్లు దూరంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, బోటులో నిలబడినట్టే నిలబడేవాడు. “అలెయ్యాలి తల్లీ. అల నేకపోతే గాలి బయటికి రాదు.” గదిలో నేల కదలడం లేదని నాకు తెలుసు. అయినా ఆయన్ని చూస్తూ నేనూ గోడ పట్టుకున్నాను.

అలా నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు కంప్యూటరు మొదటిసారి నడిపాం. మేస్త్రి స్క్రూడ్రైవరు ఎముకకి అదిమి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. కళ్లు తెరిచి, రెండు చేతులూ దులుపుకుని, “సప్పుడు నేదు” అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

చప్పుడు ఉంది. ఫ్యాన్ల హోరు పోయింది నిజమే. దాని స్థానంలో సన్నటి కూత, దోమ చెవి దగ్గరకి వచ్చినప్పుడు వినపడేలాంటిది, సాగదీసినట్టు ఆగకుండా వస్తోంది. ఆయనకి వినపడలేదా అని మొహంలోకి చూశాను. ఆ వెలుగు చూశాక నోరు రాలేదు. “బాగుంది మేస్త్రి గారూ” అని అబద్ధం చెప్పి, టీ ఇచ్చి పంపేశాను.

మర్నాడు పరీక్షగా ఒక పాత పెళ్లి ఫైలు వంటకి పెట్టాను. మా ఆయన ఎనిమిదింటికి పడుకున్నాడు. తొమ్మిదింటికి లేచి, “దోమ దూరినాదే” అని దోమల బ్యాటు తీశాడు. గదంతా వెతికాడు. పరుపు ఎత్తాడు. బట్టల దండెం మీద ఒక్కో చొక్కా దులిపాడు. బ్యాటు చేత్తో పట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని, బనియనుతో ముందు గదిలోకి వచ్చి, చెవి ఒగ్గి, అడుగులో అడుగేసుకుంటూ కంప్యూటరు దగ్గరకి వచ్చి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. వెళ్లి చెవుల మీద దిండు పెట్టుకుని పడుకున్నాడు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. శ్రావణానికి ఇంకా నాలుగు రోజులుంది. ముందు రోజు నిజం చెప్పి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది కదా అని నన్ను నేనే తిట్టుకుంటూ హార్బరుకి ఆటో ఎక్కాను.

మేస్త్రి ఒడ్డున, బోటులోంచి దించిన ఇంజిను ముందు నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. “మేస్త్రి గారూ” అన్నాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. పక్కన వలలు అల్లుతున్నవాళ్లు తలెత్తారు గానీ ఆయన ఎత్తలేదు. వాళ్లలో ఒకతను నవ్వి, “బుజం తట్టమ్మా. ఆయన సెవుల్ని ఇంజిన్లట్టుకుపోయి శానా కాలవైనాది” అన్నాడు.

అప్పుడు అన్నీ వరుసగా అర్థమయ్యాయి. ఆ గట్టి గొంతు. నేను మాట్లాడుతున్నప్పుడల్లా నా పెదాల మీదే ఉండే ఆ చూపు. చెవితో పనిలేకుండా ఎముకతో వినే ఆ స్క్రూడ్రైవరు. పెళ్లిలో వెయ్యిమంది మధ్య ఒక్క ఆవలింతని పట్టుకోగలిగిన నేను, అయిదు రోజులు నా ఎదురుగా కూర్చున్న మనిషికి వినపడదని పట్టుకోలేకపోయాను. నిజంగా సిగ్గేసింది.

భుజం తట్టాను. ఉలిక్కిపడి తిరిగాడు. “ఏటి తల్లీ? కారినాదా?”

“కారలేదు. కూత పెడతంది.” ఆయనకి పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మళ్లీ చెప్పాను. “పంపు సన్నగా కూత పెడతంది బాబాయ్. దోమలాగ. మా ఆయనకి నిద్దర పట్టట్లేదు.” గారూ పోయి బాబాయ్ ఎప్పుడు వచ్చిందో నాకే తెలియలేదు.

చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. “సన్న సప్పుల్లు నాకు ఎప్పుడో పోనాయి తల్లీ. పెద్దయే మిగిలినాయి. మా ఇంటిది ఇంట్లో గాజులేసుకు తిరుగుతాది. గాజులు ఊగడం అవుపడతాది. అంతే.” అంతలోనే ఏదో తట్టి తలెత్తాడు. కళ్లు పెద్దవయ్యాయి. “అయితే నాను ఇంతకు ముందు కట్టిన ఏడింజిన్లూ కూత్తన్నాయేటి? ఒక్కలూ సెప్పనేదే!”

తనకి వినపడకపోవడం ఆయనకి పాత కష్టం, అలవాటైపోయింది. ఎవరూ చెప్పకపోవడం కొత్త కష్టం. ఆ చెప్పనివాళ్లలో నేనూ ఉన్నాను కదా. “నిన్న నాకు వినిపించింది బాబాయ్. మీరు బాధపడతారని అబద్ధమాడాను” అన్నాను. తల దించుకున్నాను.

ఆయన రేకు డబ్బా మూసి లేచాడు. “పద. బోటు రేపటికెల్తాది. ముందు తొంగున్నోడి సంగతి సూద్దాం.”

ఇంటికొచ్చేసరికి తొంగున్నవాడు అలిసిపోయి నిజంగానే నిద్రపోయాడు. కంప్యూటరు నడిపాం. మేస్త్రి స్క్రూడ్రైవరు తీసి, ఒక క్షణం ఆగి, నా చేతికిచ్చాడు. “నా సెవి కాదు, నీ సెవి” అన్నాడు.

చెవి వెనక ఎక్కడ అదమాలో వేలితో చూపించాడు. అదిమాను. అమ్మో! ఆ చిన్న డబ్బాలో అంత సందడి ఉంటుందని అనుకోలేదు. నీళ్లు పరిగెడుతున్నాయి. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ గాలిని కొడుతున్నాయి. వాటన్నిటి మీదా ఆ కూత. మేస్త్రి నా మొహం చూస్తూ మొనని పంపు మీదికి, కింది రేకు మీదికి, డబ్బా గోడ మీదికి ఒక్కోచోటికీ జరిపించాడు.

“గోడ మీదే ఎక్కువ వినిపిస్తంది బాబాయ్.”

“అదీ!” అన్నాడు, ఇల్లు అదిరేలా. “పంపు కూయడం నేదు తల్లీ. పంపు ఒణికితే డబ్బా కూత్తంది. బోటులో అయితే ఇంజిను కింద సెక్కుంటాది, సప్పుడుని సెక్క తాగేత్తాది. ఇక్కడ రేకు మీద రేకెట్టి బిగించినాను. బుద్ది నేదు నాకు.”

మెత్తటి రబ్బరు కావాలి. తన డబ్బాలోది పెట్టి చూశాడు, కొత్తది, బిరుసుగా ఉంది. చుట్టూ చూశాడు. గుమ్మంలోకి వెళ్లి మా ఆయన హవాయి చెప్పు ఒకటి తెచ్చాడు. మడమ దగ్గర బొటనవేలితో నొక్కి, “ఆహా, ఎంత బాగా తొక్కినాడు! మెత్తగా వెన్నలాగున్నాది” అని మెచ్చుకున్నాడు. నేను అడ్డం పడేలోపే బ్లేడు దిగిపోయింది.

చెప్పు ముక్క మీద పంపుని కూర్చోబెట్టాడు. ఇక దాని వేగం తగ్గించాలి, అది కంప్యూటర్లో నా పని. నేను తగ్గిస్తుంటే ఆయన ట్యూబు మీద వేలు పెట్టి నీళ్ల పరుగు చూసేవాడు. “ఇంకొంచెం తగ్గించు. ఆగు. ఏడెంతున్నాది సూడు. సరే, ఇంకొంచెం.” నా చెవీ ఆయన వేలూ ఒకే చోట ఒప్పుకునేదాకా అలా చేశాం. చివరికి కూత పోయింది.

“వినపడట్లేదు బాబాయ్.”

నా మొహంలోకి అనుమానంగా చూశాడు. “నిజవేనా? నేకపోతే టీ ఇచ్చి పంపేత్తన్నావా?”

“మా ఆయన మీద ఒట్టు.”

పాత పెళ్లి ఫైలు మళ్లీ వంటకి పెట్టాం. గంట గడిచింది. డబ్బా పనిచేస్తోందని చిన్న దీపం చూసి తెలుసుకోవాల్సిందే. మేస్త్రి లేచి లోపలి గది తలుపు దగ్గరకి వెళ్లి, స్క్రూడ్రైవరు మొన చెక్కకి ఆనించి, పిడి ఎముకకి అదిమి, కళ్లు మూసుకున్నాడు. మా ఆయన గురక వింటున్నాడని అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

“నడుత్తంది” అన్నాడు తృప్తిగా. “మద్దెలో ఆగి మిస్ కొట్టడం నేదు.”

మా ఆయన ఆ రోజు సాయంత్రం నాలుగింటికి లేచాడు. ఒళ్లు విరుచుకుంటూ వచ్చి, “పని నేదా ఇయ్యాల? ఆపేసినావేటి?” అన్నాడు. నడుస్తోందని చూపించాను. వంగి చూశాడు, చెయ్యి పెట్టి చూశాడు, నా తల నిమిరాడు. టీ తాగి బయటికెళ్లబోతూ చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటే ఉంది. వీధిలో కుక్కని తిట్టి లోపలికొచ్చేసరికి డబ్బా అద్దం తలుపు వెనక, పంపు కింద, నీలం ముక్క కనిపించింది.

“ఓలమ్మ! నా సెప్పు అందులో ఏటి సేత్తందే?”

శ్రావణం వచ్చింది. పెళ్లిళ్లూ వచ్చాయి. నేను పని మానలేదు, మా ఆయన నిద్ర చెడలేదు. క్రేను మీద మళ్లీ రెప్ప వాలలేదు. రెండోరోజే మేస్త్రి కొత్త చెప్పుల జత తెచ్చిచ్చి, “బాగా తొక్కి మెత్తబెట్టమను. మల్లీ అవసరం పడొచ్చు” అని చెప్పి వెళ్లాడు.

తర్వాత ఆ ఏడు ఇంజిన్ల సంగతి తేల్చేదాకా ఆయనకి నిద్రపట్టలేదు. పెందుర్తిలో ఒకటి, భీమిలిలో ఒకటి, ఊళ్లో మిగతావి. ఇంటింటికీ నన్ను తీసుకెళ్లాడు. గుమ్మంలోనే, “ఇది నా సెవి” అని నన్ను పరిచయం చేసేవాడు. నేను వినేదాన్ని, వేలు పెట్టి చూపించేదాన్ని, ఆయన ఆ ఇంటి గుమ్మం వైపు చెప్పుల కోసం చూసేవాడు. ఏడింట్లో అయిదు కూస్తున్నాయి. పోనీలే అని ఊరుకున్నాం అని చెప్పినవాళ్లని ప్రతిచోటా ఒకటే అడిగేవాడు: “సెప్పాలి గదా బాబూ? సెప్పకపోతే నాకెలగ తెలుత్తాది?” కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగేవాడు.

ప్రతి ఆషాఢంలోనూ నీళ్లు మార్చడానికి వచ్చేవాడు. రాత్రి డ్యూటీ వారంలోనే వచ్చేవాడు. తొంగున్నవాడు లేకుండా పరీక్ష ఎలా అవుతుందని ఆయన పట్టుదల. పాత నీళ్లు తీసి, కొత్త నీళ్లు రుచి చూసి పోసి, అలలు వేసి, చివరికి తలుపు దగ్గరకి వెళ్లి విని, “నడుత్తంది” అని చెప్పాకే టీ తాగేవాడు. మా ఆయన మాత్రం, “ఆ సెప్పుల దొంగని ఒక్కపాలి సూడాలే” అని ప్రతి ఏడూ అనేవాడు. ఒకసారి నేను లేపబోయాను కూడా. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

“తొంగున్నోడిని లేపడానికేటి తల్లీ, నాను ఇంత కట్టినాను?”

అలా ఆరు ఆషాఢాలు. ఒకరు వచ్చినప్పుడల్లా ఇంకొకరు నిద్రలోనే ఉన్నారు.

ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఆ నిద్ర వైపే చూస్తున్నాను. లోపలికి వెళ్లి, పెళ్లయ్యాక మొదటిసారి, రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మా ఆయన భుజం మీద చెయ్యి వేసి లేపాను. చెప్పాను. లేచి చొక్కా వేసుకున్నాడు.

సముద్రం ఒడ్డున వాళ్ల పేట. ఇంటి ముందు వేసిన గుడ్డ పందిరి కింద పడుకోబెట్టారు. అదే ఇస్త్రీ చొక్కా. చుట్టూ బోటు మేస్త్రీలూ, కంప్యూటర్ షాపతనూ, కట్టిన ఇంజిన్ల తాలూకు మనుషులూ. మా ఆయన మేస్త్రి కాళ్ల దగ్గర నిలబడి ఆ మొహం వైపు చాలాసేపు చూశాడు. నేను మేస్త్రి భార్య పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి, తలెత్తి మా ఆయన్ని చూసింది.

“నువ్వేనా బాబూ, ఆ తొంగున్నోడివి?”

“నానే అమ్మా” అన్నాడు మా ఆయన.

“మీ ఇంటికొచ్చిన రోజల్లా సెప్పీవోడు. ఇయ్యాల కూడా లేవనేదే అని. ఏదో పెద్ద సేప పడ్డట్టు సెప్పీవోడు.” అని ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చాం. స్నానం చేసి, రెండు ముద్దలు తిని, కాసేపు పడుకోమన్నాను. పడుకున్నాడు, లేచాడు. మళ్లీ పడుకున్నాడు. చివరికి ఫోను తీసి, నిద్ర లేదు, ఇవాళ క్రేను ఎక్కలేనని చెప్పి డ్యూటీకి సెలవు పెట్టేశాడు. పొద్దున్న ఫోను రాకముందే పెట్టి, ఆపకుండా వదిలేసిన ఇంకో పెద్ద పెళ్లి వంట ఇంకా సాగుతోంది. ముందు గదిలోకి వచ్చి, నా పక్కన నేల మీద కూర్చుని, డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఒక్కపాలైనా నన్ను లేపవలసింది గదే” అన్నాడు.